శిక్ష ఎందుకు? షరీఅత్ దృష్టి, శాసన దృష్టి, చేవెళ్ళ పరిసరాల అనుభవం

మొయినాబాద్ నుంచి చేవెళ్ళకు పోయే దారికి ఇరువైపులా పాత మర్రిచెట్లు నేటికీ నిలిచి ఉన్నాయి. ఈ దారి వెంట ఉన్న గ్రామాలు తరతరాలుగా రెండు భాషలు మాట్లాడుతూ వచ్చాయి. అందువల్ల నేరానికి లభించే ప్రతిఫలాన్ని చెప్పడానికి ఇక్కడి ప్రజలకు ఒకటి కాదు, మూడు నాలుగు మాటలున్నాయి. తెలుగులో 'శిక్ష' అంటారు. సంస్కృతంలో దీని అసలు అర్థం బోధన. శిక్షణ, శిక్షకుడు అనే మాటలలో ఆ అర్థం ఇంకా మిగిలి ఉంది. ఉర్దూలో 'సజా' అంటారు. ఇది ఫార్సీ పదం. తగినది, అర్హమైనది అని దీని భావం. మదరసాలలో ఫిఖ్హ్ చదివినవారు 'తాజీర్' అంటారు. అరబీలో దీనికి అడ్డగించడం, నివారించడం అని అర్థం. ఇదే ధాతువు దివ్య ఖుర్ఆన్‌లోని ఫత్‌హ్ సూరాలో దైవప్రవక్త (సల్లం)కు తోడ్పడటం అనే అర్థంలో వచ్చింది. మనిషిని చెడు నుంచి ఆపడం కూడా అతనికి చేసే సహాయమేనని నిఘంటుకారులు ఈ రెండు అర్థాలకు పొత్తు కుదిర్చారు.

బోధించడం, తగినది ఇవ్వడం, అడ్డుకోవడం. శిక్ష లక్ష్యం గురించి ప్రాచ్య పాశ్చాత్య పండితులు శతాబ్దాలుగా చేస్తున్న వాదోపవాదాలన్నీ దాదాపు ఈ మూడు మాటల చుట్టే తిరుగుతున్నాయి. నాలుగో మాట ఊరి పంచాయతీది. తెలంగాణ గ్రామాలలో పెద్దమనుషులు విధించే జరిమానాను 'తప్పు' అనే అంటారు. తప్పు చేసినవాడు తప్పు కడతాడు. చేసినదానికీ చెల్లించేదానికీ ఒకే పేరుండటం గమనార్హం. చెల్లింపుతో దోషం తీరిపోయి, మనిషి మళ్ళీ ఊరిలో కలుస్తాడనే భావన ఆ మాటలో ఇమిడి ఉంది.

2019 నవంబరు చివరలో ఈ మాటలన్నీ ఒక్కసారిగా పరీక్షకు నిలిచాయి. చేవెళ్ళ లోక్‌సభ నియోజకవర్గంలోనిదే అయిన శంషాబాద్ సమీపాన, తొండుపల్లి టోల్ ప్లాజా వద్ద నవంబరు 27 రాత్రి ఒక యువ వైద్యురాలిపై అత్యాచారం జరిగింది. ఆమెను చంపి, షాద్‌నగర్ దగ్గరి చటాన్‌పల్లి వంతెన కింద దేహాన్ని తగులబెట్టారు. నలుగురు లారీ కార్మికులను పోలీసులు అరెస్టు చేశారు. వారిని తమకు అప్పగించాలని షాద్‌నగర్ పోలీసు స్టేషను ముందు జనం గుమిగూడారు. డిసెంబరు 6 తెల్లవారుజామున ఆ నలుగురినీ ఘటనాస్థలికి తీసుకుపోయిన పోలీసులు అక్కడే కాల్చిచంపారు. ఆయుధాలు లాక్కుని పారిపోబోయారనీ, ఆత్మరక్షణకై కాల్చవలసి వచ్చిందనీ పోలీసులు వివరణ ఇచ్చారు. జనం పోలీసులపై పూలు చల్లారు. మిఠాయిలు పంచుకున్నారు. నాడు చేవెళ్ళ, మొయినాబాద్, షాద్‌నగర్ ఠాణాలన్నీ ఒకే సైబరాబాద్ కమిషనరేట్ కింద ఉండేవి.

ఆ రోజులలో ముస్లిముల నోట కూడా ఒక మాట విస్తారంగా వినవచ్చింది: "షరీఅత్ అమలులో ఉంటే ఇదే జరిగేది, ఒక్క రోజులో తేలిపోయేది." నిందితులలో ఒకరి పేరును మాత్రమే పట్టుకుని నేరానికి మతం రంగు పూయడానికి కొందరు ప్రయత్నించినందున, తాము ఎవరికన్నా తక్కువ కఠినులము కామని చాటుకోవలసిన అవసరం కూడా కొందరికి కలిగి ఉండవచ్చు. కారణం ఏదైనా, ఆ మాట నిజమా అన్నది విచారించదగిన విషయం. అది నిజం కాదని ఫిఖ్హ్ గ్రంథాలు, ఇస్లామీయ చరిత్ర, దక్కను చరిత్ర ఏకకంఠంతో చెబుతున్నాయి.

ముందుగా ఒప్పుకోవలసినది ఒప్పుకోవాలి. అటువంటి నేరం విషయంలో షరీఅత్ మెతకగా లేదు. మాయిదా సూరాలో ధరణిపై కల్లోలం రేపేవారికి విధించిన కఠిన శిక్షల పరిధిలోకి బలాత్కారం కూడా వస్తుందని అండలూసియాకు చెందిన మాలికీ ధర్మశాస్త్రవేత్త ఖాజీ అబూబక్ర్ ఇబ్నుల్ అరబీ అభిప్రాయపడ్డారు. ధనం దోచుకోవడం కన్నా మానం దోచుకోవడం ఘోరమన్నది ఆయన వాదం. కాబట్టి నేరం రుజువైతే దోషికి మరణశిక్ష పడవచ్చా అన్నది ఇక్కడి వివాదాంశం కాదు. రుజువు ఎవరు చేయాలి, ఎవరి ముందు చేయాలి, శిక్ష ఎవరు విధించాలి అన్నదే అసలు ప్రశ్న.

ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) శిష్యుడు, అబ్బాసీ ఖిలాఫత్‌లో ప్రధాన న్యాయాధీశుడు అయిన ఇమామ్ అబూ యూసుఫ్ హిజ్రీ 182లో మరణించారు. ఆయన ఖలీఫా హారూన్ రషీద్ కోసం 'కితాబుల్ ఖరాజ్' రచించారు. పేరుకు అది భూమిశిస్తు గ్రంథమే అయినా అందులో ఖైదీల గురించిన అధ్యాయం చదివితే ఆశ్చర్యం కలుగుతుంది. ఖైదీలకు ఖజానా నుంచి నెలనెలా భృతి ఇవ్వాలనీ, చలికాలానికి వేసవికి వేరువేరుగా దుస్తులు ఇవ్వాలనీ, గొలుసులతో వీధులలో బిచ్చమెత్తుకోనివ్వరాదనీ, దిక్కులేక చనిపోయిన ఖైదీకి కఫన్ దఫన్ ప్రభుత్వ ఖర్చుతోనే జరిపించాలనీ ఆయన ఖలీఫాకు నిర్మొహమాటంగా వ్రాశారు. ఒకరు ఆరోపణ చేసినంత మాత్రాన మరొకరిని బంధించరాదనీ, కొట్టి రాబట్టిన ఒప్పుకోలు చెల్లదనీ కూడా చెప్పారు. ఆకలితో మాడ్చి, భయపెట్టి, బంధించి ఉంచితే మనిషి తనకు వ్యతిరేకంగా తానే ఏమైనా చెప్పవచ్చునన్న హజ్రత్ ఉమర్ (రజి) అభిప్రాయం ఆయనకు ఆధారం.

హజ్రత్ ఉమర్ (రజి) కాలంలోని మరో రెండు ఉదంతాలు శిక్ష లక్ష్యాన్ని ఇంకా స్పష్టం చేస్తాయి. హిజ్రీ 18లో హిజాజ్‌లో తీవ్రమైన కరువు వచ్చింది. ఆ ఏడు దొంగతనానికి చేయి నరికే శిక్షను ఆయన నిలిపివేశారు. మరొక సందర్భంలో హాతిబ్ అనే సహాబీ వద్ద ఉన్న బానిసలు ముజైనా తెగవాని ఒంటెను దొంగిలించి కోసుకు తిన్నారు. మొదట శిక్షకు ఆజ్ఞ అయింది. యజమాని వారిని ఆకలికి మాడుస్తున్నాడని తెలియగానే ఉమర్ (రజి) ఆజ్ఞ మార్చారు. ఒంటె ఖరీదు నాలుగు వందల దిర్‌హములు. ఎనిమిది వందలు చెల్లించమని యజమానినే ఆదేశించారు. దొంగ చేతికి బదులు యజమాని మూట విప్పించిన తీర్పు ఇది. ఆయుధం కన్నా ముందు నేరానికి కారణం వెతికిన ఈ దృష్టిని ఆధునిక నేరశాస్త్రం తన సొంతమని చెప్పుకుంటుంది. చెప్పుకోనివ్వండి.

శిక్ష మనిషిని పరిశుద్ధుని చేస్తుందా, లేక ఇతరులను హెచ్చరించడానికేనా? ఫుఖహాల మధ్య ఇది సుప్రసిద్ధమైన చర్చ. ఇహలోకంలో శిక్ష అనుభవించినవానికి అదే ప్రాయశ్చిత్తమవుతుందని హజ్రత్ ఉబాదా బిన్ సామిత్ (రజి) ఉల్లేఖించిన హదీసును బట్టి పలువురు ఉలమా అన్నారు. హనఫీ ఆచార్యులు మాత్రం వేరుగా ఆలోచించారు. హిజ్రీ 593లో మరణించిన బుర్హానుద్దీన్ మర్గీనానీ తన 'హిదాయా'లో హద్దు శిక్షల మూల ఉద్దేశం నివారణేనని వ్రాశారు. పరిశుద్ధి మూల ఉద్దేశమే అయితే విశ్వాసులు కానివారికి ఆ శిక్ష ఎందుకు వర్తిస్తుంది అన్నది ఆయన తర్కం. పాపక్షాళన తౌబాతో జరుగుతుంది. అది దాసునికీ దైవానికీ మధ్య విషయం. న్యాయాధీశుని పని సమాజాన్ని కాపాడటం. ఇది ఎంతో దూరదృష్టి గల విభజన. పరలోకపు లెక్కను ఖాజీ చేతిలో గాని, కొత్వాలు చేతిలో గాని పెట్టనీయకపోవడం దీని ఫలితం.

సందేహం ఉన్నచోట హద్దు శిక్షలను తొలగించాలన్నది అన్ని మజ్‌హబ్‌లు అంగీకరించిన సూత్రం. పాలకుడు క్షమలో పొరపడటం శిక్షలో పొరపడటం కన్నా మేలని హదీసు గ్రంథాలలో కానవస్తుంది. మాయిజ్ (రజి) స్వయంగా వచ్చి పాపం ఒప్పుకున్నప్పుడు దైవప్రవక్త (సల్లం) పదేపదే ముఖం తిప్పుకున్నారు. శిక్ష అమలవుతుండగా అతడు పారిపోజూశాడనీ, జనం వెంటాడి చంపారనీ తెలిసినప్పుడు, అతన్ని ఎందుకు వదిలిపెట్టలేదని వారిని ప్రశ్నించారు. పారిపోతున్నవాణ్ణి చంపామన్న వాదన చటాన్‌పల్లిలోనూ వినవచ్చింది కనుక ఈ ఉదంతాన్ని ఇక్కడ జ్ఞప్తికి తెచ్చుకోవడం అవసరం.

మరి "ఒక్క రోజులో తేల్చే" సంప్రదాయం ఎక్కడిది? అది ముస్లిం రాజ్యాలలో ఉండినదే. అయితే దాని పేరు షరీఅత్ కాదు, 'సియాసత్'. నేడు ఉర్దూలో రాజకీయం అనే అర్థం గల ఈ మాటకు మధ్యయుగపు ఫార్సీ చరిత్రలలో సుల్తాను స్వయంగా విధించే దండన, ముఖ్యంగా మరణదండన అనే అర్థం ఉంది. ఖాజీ అడిగే సాక్షులు దానికి అక్కరలేదు. భయం పుట్టించడమే దాని ప్రయోజనం. కొందరు తర్వాతి కాలపు ఉలమా పేరుమోసిన నేరస్థులను విచారణలో నిర్బంధించడానికి, దండించడానికి పాలకులకు వెసులుబాటు ఇచ్చారన్నది కూడా దాచవలసిన విషయం కాదు. ఆ సందులోంచి ఎన్ని అన్యాయాలు దూరాయో చరిత్రకు తెలుసు.

దక్కనులో ఇందుకు ఒక ఉదాహరణ చాలు. 1857 జులైలో హైదరాబాదు బ్రిటిష్ రెసిడెన్సీపై దాడికి నాయకత్వం వహించిన తుర్రెబాజ్ ఖాన్‌కు యావజ్జీవ ద్వీపాంతరవాస శిక్ష పడింది. 1859 జనవరిలో అతడు నిర్బంధం నుంచి తప్పించుకున్నాడు. కొద్ది రోజులకే తూప్రాన్ సమీపంలో పట్టుబడి హతుడయ్యాడు. శవాన్ని హైదరాబాదుకు తెచ్చి జనం చూడటానికి వ్రేలాడదీశారు. న్యాయస్థానం విధించినది ద్వీపాంతరవాసం. దారిలో దొరికినది మరణం. ఆ శవాన్ని చూసి అప్పటి అధికారులు ఏ పాఠం నేర్పదలచారో చెప్పనక్కరలేదు. జనం నేర్చుకున్న పాఠం మాత్రం వేరు. తుర్రెబాజ్ ఖాన్ పేరు నేటికీ వీరుని పేరుగానే నిలిచి ఉంది.

తెలుగు దేశంలోని మరొక భాగంలో చరిత్ర వేరు దారి పట్టింది. ఈస్టిండియా కంపెనీ తన తొలి కాలంలో నేర విచారణకు ఇస్లామీయ చట్టాన్నే కొనసాగించింది. 'హిదాయా'ను చార్లెస్ హామిల్టన్ ఆంగ్లంలోకి తెచ్చినది (1791) ఈ అవసరం కోసమే. అయితే 1790లో గవర్నర్ జనరల్ కార్న్‌వాలిస్ ఒక పెద్ద మార్పు చేశాడు. హంతకుని క్షమించే హక్కును హతుని వారసుల నుంచి తీసివేశాడు. మరుసటి ఏడాది అంగచ్ఛేదాన్ని రద్దుచేసి, ఒక అవయవానికి ఏడేళ్ళు, రెండింటికి పద్నాలుగేళ్ళు కఠిన ఖైదు అని లెక్క కట్టారు. మద్రాసు రాజధానిలో 1802 రెగ్యులేషన్లతో ఇదే పద్ధతి ఉత్తర సర్కారులకు వచ్చింది. 1862లో భారత శిక్షాస్మృతి అమలులోకి వచ్చాక ఫత్వా ఇచ్చే మౌల్వీ కోర్టు నుంచి పూర్తిగా నిష్క్రమించాడు.

అంగచ్ఛేదం పోవడం గురించి విచారించేవారు నేడు తక్కువ. కాని వారసుని హక్కు పోవడం మాత్రం నిదానించి ఆలోచించదగినది. బఖరా సూరాలో ఖిసాస్ విధించిన చోటనే క్షమకూ, దియత్‌కూ ద్వారం తెరచి ఉంది. అంతేకాదు, క్షమించే వారసుణ్ణి అక్కడ హంతకునికి సోదరునిగా పేర్కొనడం జరిగింది. రక్తసిక్తమైన సంబంధంలో కూడా సోదరత్వం తెగిపోలేదన్న మాట. కార్న్‌వాలిస్ వాదనలోనూ బలం లేకపోలేదు: ధనవంతుడు హత్యచేసి, పేద వారసుణ్ణి బెదిరించో డబ్బిచ్చో తప్పించుకుంటాడు. ఇది నిజంగా జరిగేది. దియత్ చట్టం ఉన్న దేశాలలో నేటికీ జరుగుతున్నది. అయితే ఆ దోషాన్ని సరిదిద్దే బదులు రాజ్యం వారసుణ్ణే కోర్టు నుంచి బయటికి పంపింది. నేరం ప్రభుత్వానికీ ముద్దాయికీ మధ్య వ్యవహారమైపోయింది. బాధితుని తల్లి ఇక సాక్షి మాత్రమే. షాద్‌నగర్ ఠాణా ముందు గుమిగూడిన జనంలో ఆ తల్లి తరఫున మాట్లాడే హక్కు తమకే ఉందన్న ఆవేశం కనిపించడానికి, ఆమెకు చట్టంలో స్వరం లేకపోవడం కూడా ఒక కారణం కావచ్చు.

ఐరోపాలో ఈ చర్చ వేరే నేలపై జరిగింది. 1764లో ఇటలీకి చెందిన బెకారియా, శిక్ష తీవ్రత కన్నా అది తప్పక పడుతుందన్న నిశ్చయమే నేరాన్ని ఆపుతుందని వాదించాడు. బెంథామ్ శిక్షను స్వతహాగా కీడుగానే భావించాడు. మరింత పెద్ద కీడును తప్పిస్తేనే అది సమర్థనీయం. జర్మన్ తత్త్వవేత్త కాంట్ వీరిద్దరినీ తిరస్కరించాడు. ఇతరులకు పాఠం చెప్పడానికి ఒక మనిషిని సాధనంగా వాడుకోరాదనీ, దోషి కాబట్టే, దోషికి తగినంతే శిక్షించాలనీ అన్నాడు. 'సజా' అనే ఫార్సీ మాటకు ఇంతకన్నా మంచి వ్యాఖ్యానం దొరకదు. విశేషమేమంటే, పరస్పరం పొసగని ఈ ముగ్గురి సిద్ధాంతాలలో ఏ ఒక్కటీ చటాన్‌పల్లిని సమర్థించదు. నిశ్చయం కావాలన్న బెకారియాకు విచారణ కావాలి. దోషం కావాలన్న కాంట్‌కు కూడా విచారణే కావాలి.

హైదరాబాదు సంస్థానంలో కోర్టుల ఆధునికీకరణ మొదటి సాలార్ జంగ్ కాలంలో ప్రారంభమై, 1921లో న్యాయశాఖను పరిపాలనాశాఖ నుంచి వేరుచేయడంతో ఒక కొలిక్కి వచ్చింది. అంతవరకు పన్ను వసూలు చేసే అధికారి చేతిలోనే మేజిస్ట్రేటు అధికారం కూడా ఉండేది. బ్రిటిష్ ఇండియాలో ఇంకా జరగని ఈ సంస్కరణ నిజాం ఫర్మానాతో జరగడం చెప్పుకోదగినది. మరణశిక్ష అమలుకు నిజాం అంగీకారం తప్పనిసరిగా ఉండేది. మొయినాబాద్ దగ్గరి పెద్దమంగళారంలో 1890లో జన్మించిన కొండా వెంకట రంగారెడ్డి ఈ న్యాయవ్యవస్థలోనే వకీలుగా పేరు గడించారు. 1936లో షాద్‌నగర్‌లో జరిగిన ఆంధ్ర మహాసభకు ఆయన అధ్యక్షులు. 1978లో ఏర్పడిన జిల్లాకు ఆయన పేరే పెట్టారు. వకీలు పేరు పెట్టుకున్న జిల్లాలో, ఆయన అధ్యక్షత వహించిన ఊరి పొలిమేరలో, వకీలు నోరు విప్పకుండానే నలుగురి కథ ముగిసింది.

పోలీసు చర్య తర్వాత తెలంగాణ రైతు పోరాటంలో పాల్గొన్న పన్నెండు మందికి ప్రత్యేక ట్రిబ్యునళ్ళు మరణశిక్ష విధించాయి. తమ తరఫున వకీలు లేకుండానే విచారణ జరిగిందన్నది వారి ప్రధానమైన ఫిర్యాదు. ఇంగ్లండు నుంచి డి.ఎన్. ప్రిట్ వచ్చి వాదించారు. 1951లో సుప్రీంకోర్టు వారి పిటిషన్లను కొట్టివేసినా, విస్తృతమైన ఆందోళన ఫలితంగా చివరకు ఆ ఉరిశిక్షలు యావజ్జీవ శిక్షలుగా మారాయి. భూమయ్య, కిష్టాగౌడ్‌ల విషయంలో అలా జరగలేదు. దేశవ్యాప్తంగా విజ్ఞప్తులు వచ్చినప్పటికీ, అత్యవసర పరిస్థితి కాలంలో 1975 డిసెంబరు 1న ముషీరాబాద్ జైలులో వారిని ఉరితీశారు.

అదే దశకంలో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన రెండు కేసులు శిక్ష గురించిన ఆలోచననే మార్చాయి. రెండింటి తీర్పులూ జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్‌వే. ఈడిగ అనమ్మ కేసు (1974)లో హత్య రుజువైనా, ముద్దాయి చిన్న వయస్సును, అత్తవారింటి నుంచి గెంటివేయబడిన ఆమె స్థితిని, ఆమె చిన్న బిడ్డను లెక్కలోకి తీసుకుని ఉరిశిక్షను యావజ్జీవంగా మార్చారు. మహమ్మద్ గియాసుద్దీన్ కేసు (1977) హత్యది కాదు, ఉద్యోగాల పేరిట మోసం చేసినది. శిక్షను మూడేళ్ళ నుంచి పద్దెనిమిది నెలలకు తగ్గించడమే కాక, ఖైదీకి యాంత్రికమైన నీచపు చాకిరీ కాకుండా బుద్ధికి పని కల్పించే పని ఇవ్వాలనీ, వేతనం చెల్లించాలనీ ఆ తీర్పు ఆదేశించింది. 'శిక్ష' అన్న మాట తన మొదటి అర్థానికి తిరిగి వచ్చిన తీర్పు అది. ఇమామ్ అబూ యూసుఫ్ ఖలీఫాకు వ్రాసిన అధ్యాయాన్ని దాని పక్కన పెట్టి చదివినవారికి ఏది పాతదో ఏది కొత్తదో వెంటనే తోచదు. 1980లో బచన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు మరణశిక్షను ఉంచుతూనే, అరుదైన వాటిలోకెల్లా అరుదైన కేసులకు పరిమితం చేసింది.

చటాన్‌పల్లి ఉదంతంపై 2019 డిసెంబరు 12న సుప్రీంకోర్టు జస్టిస్ వి.ఎస్. సిర్పూర్‌కర్ అధ్యక్షతన ముగ్గురు సభ్యుల విచారణ సంఘాన్ని నియమించింది. 2022 మే నెలలో దాని నివేదిక వెల్లడయింది. నిందితులు ఆయుధాలు లాక్కున్నారన్న కథనం నమ్మదగినది కాదనీ, చంపాలన్న ఉద్దేశంతోనే కాల్పులు జరిగాయనీ, పదిమంది పోలీసులను హత్యానేరంపై విచారించాలనీ సంఘం అభిప్రాయపడింది. తదుపరి చర్యలకై సుప్రీంకోర్టు ఆ వ్యవహారాన్ని తెలంగాణ హైకోర్టుకు పంపింది.

నివేదికలో మరొక అంశం ఉంది. పూలు చల్లినవారికి అది రెండున్నరేళ్ళు ఆలస్యంగా తెలిసింది. చనిపోయిన నలుగురిలో ముగ్గురు ఘటన నాటికి మైనర్లని సంఘం నిర్ధారించింది. భారత చట్టంలో పద్దెనిమిదేళ్ళు నిండనివారికి మరణశిక్ష లేదు. ఫిఖ్హ్‌లో బాధ్యతకు కొలమానం యుక్తవయస్సు. దాని చిహ్నాలు కనిపించనప్పుడు బాలునికి పద్దెనిమిదేళ్ళు అని ఇమామ్ అబూ హనీఫా, పదిహేనేళ్ళు అని ఇమామ్ అబూ యూసుఫ్ ప్రభృతులు అన్నారు. అంటే ఈ ముగ్గురి విషయంలో గురుశిష్యుల తీర్పులు వేరుగా ఉండే అవకాశం ఉంది. ఖాజీ ముందు అది గంటల తరబడి వాదించదగిన ప్రశ్న. సెషన్సు జడ్జి ముందు అదే మొదటి ప్రశ్న అయి ఉండేది. నవంబరు 29న అరెస్టయినప్పటి నుంచి డిసెంబరు 6 తెల్లవారే వరకు ఆ ప్రశ్నను విచారించి తేల్చిన న్యాయస్థానం లేదు. ఆ వైద్యురాలి తల్లిదండ్రులకు కూడా తమ బిడ్డను ఎవరు, ఎలా చంపారో సాక్ష్యాధారాలతో నిర్ణయించి చెప్పిన తీర్పు ప్రతి ఏదీ చేతికి రాలేదు.